రొయ్యలు ‘పడవు’ అంటే అసలేమిటి? టీనేజీ పిల్లల ప్రాణం మీదికి తెచ్చే ఆహార అలర్జీలు

జూన్ వచ్చిందంటే విశాఖలో ఇంటర్ హాస్టళ్ల దగ్గర అప్లికేషన్ల హడావుడి. ఫోటో అంటించే చోటుకి కాస్త కింద ‘అలర్జీలు ఏమైనా ఉంటే’ అని ఒక గడి ఉంటుంది. బొటనవేలంత జాగా. అందులో ఒక తల్లి ఇలా రాసిందనుకుందాం: ‘పాలు, వంకాయ, కనగర్తలు, రొయ్యలు పడవు.’

వార్డెన్ కంటికి నాలుగూ ఒకే బరువున్న మాటలు. వంటమనిషికి చెబితే ‘ఈ కుర్రాడికి తిండి దగ్గర పేచీ ఎక్కువ’ అనుకుంటాడు. కానీ అవి నాలుగు వేర్వేరు సంగతులు. ఈ కుర్రాడి విషయంలో మూడింటి వల్ల కడుపునొప్పో, దురదో వస్తుంది. నాలుగోది అరగంటలో ప్రాణం తీయగలదు. తెలుగులో ‘పడదు’ అన్న మాట మహా ఉదారమైనది. వేడి చేసేదీ, వాతం చేసేదీ, నచ్చనిదీ, చంపేదీ అన్నిటినీ ఒకే గొడుగు కిందికి లాక్కుంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఆ నాలుగు మాటల్నీ విడదీసి చూద్దాం

మొదటిది పాలు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరని అరిగించడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. పాలు మాన్పించిన వయసు దాటాక చాలామందిలో అది తగ్గిపోతుంది, దక్షిణాదిలో మరీ ఎక్కువ. గ్లాసుడు పాలు తాగితే పొట్ట ఉబ్బరం, గడబిడ, విరేచనం. పెరుగు మాత్రం హాయిగా పడుతుంది, ఎందుకంటే తోడు పెట్టిన సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత ముందే తినేస్తాయి. దీన్ని అసహనం అంటారు. ఇబ్బందే తప్ప ప్రమాదం లేదు. పాలకి అసలైన అలర్జీ కూడా ఉంటుంది, అది పాలలోని ప్రోటీన్ మీద వచ్చేది, ప్రమాదకరమైనది. వాళ్లకి పెరుగూ పడదు, పనీరూ పడదు. ‘పెరుగన్నం తింటే ఏమీ కాదు, పాలు తాగితేనే కడుపు పాడవుతుంది’ అనే కుర్రాడిది మాత్రం సాధారణంగా మొదటి రకమే.

వంకాయ సంగతి తమాషాగా ఉంటుంది. తింటే నోరు దురద అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వంకాయలో సహజంగానే హిస్టమిన్ (దురద, వాపు తెప్పించే రసాయనం) లాంటి పదార్థాలు కొంత ఉంటాయి. వాటివల్ల వచ్చే చిరుదురదకీ రోగనిరోధక వ్యవస్థకీ సంబంధం ఉండనక్కర్లేదు. వంకాయకి నిజమైన అలర్జీ ఉన్నవాళ్లూ ఉన్నారు గానీ, దురద అనేవాళ్లలో వాళ్లు కొద్దిమందే.

మూడోది కనగర్త. ఈ పేరు మన తీరం నుంచే శాస్త్రంలోకి వెళ్లింది. విశాఖ చేపల మీద ఒక స్కాట్లాండ్ వైద్యుడు చేసిన వర్ణన 1803లో అచ్చయింది. అందులో రాసుకున్న స్థానిక నామమే ఈ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్తలో స్థిరపడింది. కనగర్త, ట్యూనా లాంటి చేపల్ని పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే బ్యాక్టీరియా వాటి మాంసంలో హిస్టమిన్‌ని పోగేస్తుంది. ఎంత ఉడికించినా అది పోదు. అలాంటి చేప తింటే మొహం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, తలనొప్పితో గుండె దడదడలాడుతుంది. చూడ్డానికి అచ్చం అలర్జీలాగే ఉంటుంది, కానీ అది చేప విషం. ఒక ఆనవాలు ఉంది: అదే కూర తిన్న నలుగురిలో ముగ్గురికి వస్తే అనుమానం చేప మీదికి వెళ్లాలి, ఒక్కరికే వస్తే ఆ మనిషి ఒంటి మీదికి.

ఇక రొయ్యలు. అసలు కథ వీటిదే.

ఒళ్లు పొరబడితే జరిగేది

మన రక్తంలో ఐజీఈ అనే ఒక రకం యాంటీబాడీ చాలా స్వల్పంగా ఉంటుంది. 1966-67 ప్రాంతంలో అమెరికాలో పనిచేస్తున్న ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ విడివిడిగా దీన్ని పట్టుకున్నారు. దీని అసలు పని పురుగులూ పరాన్నజీవుల మీద పోరాటం అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కొందరిలో ఇది రొయ్య ప్రోటీన్‌నో, పల్లీ ప్రోటీన్‌నో శత్రువని పొరబడుతుంది.

ఆ పొరపాటు రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో పైకి ఏమీ కనబడదు. రొయ్య కోసం ప్రత్యేకంగా తయారైన ఐజీఈ వెళ్లి చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. ఆ కణాల నిండా హిస్టమిన్ వగైరా రసాయనాల పొట్లాలుంటాయి. రెండో దశలో, మళ్లీ రొయ్య లోపలికి వచ్చినప్పుడు దాని ప్రోటీన్ ఆ ఐజీఈకి తగులుకుంటుంది, పొట్లాలన్నీ ఒక్కసారిగా పగులుతాయి. ‘ఇన్నాళ్లూ తిన్నాడు కదా, ఇప్పుడెందుకొచ్చింది?’ అనే ప్రశ్నకి జవాబు ఇదే. ఇన్నాళ్లూ తినడం రక్షణ కాదు, కొందరిలో అది తయారీ.

ఈ వింతని లోకానికి చూపించింది ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషే. సముద్రజీవుల విషాన్ని కుక్కలకి ఎక్కించి వాటికి తట్టుకునే శక్తి తెప్పించాలని ఆయన ప్రయత్నం. తీరా రెండోసారి చాలా తక్కువ మోతాదు ఇస్తే కుక్క నిమిషాల్లో చచ్చిపోయింది. రక్షణకి పూర్తిగా ఎదురుగా నడిచిన ఈ పరిణామానికి 1902లో ఆయనా, సహచరుడు పోర్తియే కలిసి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. 1913లో రిషేకి నోబెల్ వచ్చింది.

దద్దుర్ల దగ్గర ఆగేది, ఆగనిది

రసాయనాలు చర్మం వరకే పనిచేస్తే దద్దుర్లు, దురద, పెదాల వాపు. అక్కడితో ఆగితే అది మామూలు అలర్జీ. ఊపిరి, రక్తప్రసరణ, పేగులు కూడా చిక్కుకుంటే అది అనాఫిలాక్సిస్. రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. గొంతు లోపల వాపు వచ్చి గొంతు బొంగురుపోతుంది. ఊపిరితిత్తుల గొట్టాలు బిగిసి పిల్లికూతలు మొదలవుతాయి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: ‘దద్దుర్లు లేవు కదా, అలర్జీ కాదులే.’ పదింట ఒకటి రెండు అనాఫిలాక్సిస్ కేసుల్లో చర్మం మీద ఏ గుర్తూ ఉండదు. రొయ్య తిన్న పావుగంటకి ఆగకుండా వాంతులు, కళ్లు తిరగడం వస్తే ‘ఫుడ్ పాయిజన్’ అని ఓఆర్ఎస్ కలిపి ఇచ్చే ఇళ్లు ఎన్నో.

సమయం ఎంత? ప్రాణాంతకమైన అనాఫిలాక్సిస్ కేసుల మీద బ్రిటన్‌లో జరిపిన పరిశీలన 2000లో వెలువడింది. ఆహారం వల్ల వచ్చినప్పుడు ఊపిరో గుండో ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ కాలం 30 నిమిషాలని తేలింది. ఈ అరగంట లెక్కని గుర్తుంచుకుందాం, కింది భాగాల్లో మళ్లీ అవసరం పడుతుంది.

రొయ్య ఎందుకు ప్రత్యేకం

పల్లీ అలర్జీ సాధారణంగా చిన్నప్పుడే బయటపడుతుంది. రొయ్య, పీత అలర్జీ అలా కాదు. చాలామందిలో టీనేజీలోనో, ఇరవైల్లోనో మొదలవుతుంది. ఫిషింగ్ హార్బర్ నుంచి సంచీ నిండా రొయ్యలు తెచ్చుకునే ఊళ్లో పుట్టిన పిల్లవాడికి పదిహేనో ఏట హఠాత్తుగా నోరు దురద పెడితే ఎవరూ రొయ్యని అనుమానించరు. మసాలా ఎక్కువైందంటారు.

రొయ్యలోని ముఖ్య అలర్జీకారకం ట్రోపోమయోసిన్ అనే కండరాల ప్రోటీన్. ఇది తేల్చిన తొలి పరిశోధనల్లో ఒకటి మన దేశపు తెల్ల రొయ్య మీదే జరిగింది, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకుల భాగస్వామ్యంతో 1993లో వెలువడింది. ఈ ప్రోటీన్ వేడికి లొంగదు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా దాని పని అది చేస్తుంది. ఉడుకుతున్న రొయ్యల ఆవిరిలో కూడా కలిసి వస్తుంది కాబట్టి తినకుండా వంటింట్లో నిలబడినందుకే తుమ్ములూ ఆయాసమూ వచ్చేవాళ్లున్నారు. వంకాయలోనో, బచ్చలికూరలోనో గుప్పెడు ఎండు రొయ్యలు వేసి వండడం ఇక్కడ మామూలే. ఆ కుర్రాడు ‘వంకాయ పడదు’ అన్నది నిజంగా వంకాయ గురించేనా, లేక అందులో వేసిన ఎండు రొయ్యల గురించా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

ఇంకో మెలిక. ఇంటి దుమ్ములోని పురుగుల్లోనూ బొద్దింకల్లోనూ ఉండే ట్రోపోమయోసిన్ దాదాపు రొయ్యదాని లాగే ఉంటుంది. ఉక్కపోత ఊళ్లలో పరుపుల్లో ఈ దుమ్ముపురుగులు బాగా బతుకుతాయి. దుమ్ము వల్ల ఆస్తమా ఉన్నవాళ్లకి రక్తపరీక్ష చేస్తే రొయ్య దగ్గర కూడా ‘పాజిటివ్’ రావచ్చు. వాళ్లలో కొందరికి రొయ్య నిజంగానే పడదు, మరికొందరు నిక్షేపంగా తింటారు.

చేపా రొయ్యా ఒకే వీధిలో అమ్మినా ఒంటి లెక్కలో వేరు. చేపలో ముఖ్యమైన కారకం పార్వాల్బ్యుమిన్ అనే మరో ప్రోటీన్. రొయ్య పడనివాడికి వంజరం పడొచ్చు. రొయ్య పడనివాడికి పీత పడుతుందన్న భరోసా మాత్రం లేదు, ఎందుకంటే ఆ రెండూ దగ్గరి చుట్టాలు. రొయ్య అలర్జీ అంటే అయోడిన్ అలర్జీ అనీ, స్కానింగ్‌లో ఎక్కించే మందు పడదనీ ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదు. ఇక్కడ తగువు అయోడిన్‌తో కాదు, ప్రోటీన్‌తో.

పదహారేళ్ల వయసులో ఏముంది?

ఆహార అలర్జీతో చనిపోయిన 32 మంది వివరాలు అమెరికాలో 2001లో ప్రచురించారు. ఎక్కువమంది టీనేజీ పిల్లలు, పడుచువాళ్లు. ఆస్తమా ఉందో లేదో వివరం దొరికిన వాళ్లలో ఒక్కరికి తప్ప అందరికీ ఉంది. దాదాపు అందరికీ తమకి ఆ తిండి పడదని ముందే తెలుసు. అత్యవసరంగా ఇవ్వాల్సిన మందు ఆ సమయానికి చాలామంది దగ్గర లేదు.

తెలిసి కూడా ఎందుకు? చిన్నప్పుడు అమ్మ చూసుకుంటుంది. పెద్దయ్యాక మనిషి తనే చూసుకుంటాడు. మధ్యలో ఈ వయసుంది చూశారూ, అమ్మ చెయ్యి వదిలేసి, తన బుద్ధి ఇంకా కుదురుకోని వయసు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో నలుగురు కుర్రాళ్లు ఒకే పొట్లంలో మురీ మిక్చర్ తింటున్నారు. అందులో పల్లీలున్నాయి. ‘నాకు పడదురా’ అంటే ‘ఏటీ అవదురా, ఏరేసుకుని తిను’ అంటారు. ఏరేస్తే పల్లీ పోతుంది, పల్లీ పొడి పోదు. అయినా ఆ నలుగురి ముందు రెండోసారి ‘వద్దు’ అనడానికి పదహారేళ్ల వాడికి పల్లీ కంటే నవ్వులపాలవడమే పెద్ద భయం.

అమెరికాలో 13 నుంచి 21 ఏళ్ల మధ్య ఆహార అలర్జీ ఉన్న 174 మందిని అడిగిన సర్వే 2006లో వచ్చింది. అత్యవసర ఇంజెక్షన్ ఎప్పుడూ వెంట ఉంచుకుంటామన్నవాళ్లు 61 శాతం. కానీ సందర్భాన్ని బట్టి అడిగితే లెక్క మారింది. ఒంటికి అతుక్కునే బట్టలేసుకున్నప్పుడు 53 శాతం, ఆటలప్పుడు 43 శాతమే. ఇంజెక్షన్ పట్టే జేబు లేకపోవడం కూడా ప్రాణం మీదికి వచ్చే కారణమే అన్నమాట. ఇది చదివాక నాకు మన పిల్లల టైట్ జీన్సులు గుర్తొచ్చాయి.

ఆటల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కొందరికి తిండి విడిగా పడుతుంది, పరుగు విడిగా పడుతుంది, రెండూ కలిస్తే పడవు. పూరీలు తిని అరగంటలో క్రికెట్‌కి దిగినప్పుడే ఒళ్లంతా దద్దుర్లు లేచి కూలబడతారు. గోధుమలోని ఒమేగా-5 గ్లియాడిన్ ప్రోటీన్ వల్ల ఇది ఎక్కువగా కనబడుతుంది, రొయ్యల వల్ల కూడా రావచ్చు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు, మద్యం, ఆడపిల్లల్లో నెలసరి రోజులు ఈ మంటకి నెయ్యి పోస్తాయి. అందుకే ‘మొన్న తింటే ఏమీ కాలేదు’ అన్నది ఈ రోజుకి హామీ కాదు.

మరో గమనింపు. గొంతు పట్టేస్తున్నట్టు అనిపించగానే ఈ వయసు పిల్లలు గదిలోంచి లేచి ఒంటరిగా బాత్‌రూమ్‌కి పోతారు, నలుగురిలో సీన్ అవుతుందని. తలుపు గడియ పడిన తర్వాత ఏం జరిగినా బయటివాళ్లకి తెలిసేది ఆలస్యంగానే.

మన దేశంలో ఇది తక్కువా, లేక మనకి కనబడటం లేదా?

ఇక్కడ నిపుణుల్లోనే రెండు వాదనలున్నాయి. తక్కువే అనేవాళ్ల చేతిలో లెక్కలున్నాయి. యూరప్ దేశాలతో కలిసి బెంగళూరు, మైసూరుల్లో చేసిన పెద్ద అధ్యయనంలో పెద్దవాళ్లలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనబడింది. ఆ ఐజీఈకి తోడు దానికి సరిపోయే లక్షణాలూ ఉన్నవాళ్లు 1.2 శాతం. బడి పిల్లల్లో అది ఇంకా తక్కువ, 0.14 శాతం.

ఈ అంకెల్ని వెయ్యి మంది పెద్దవాళ్లకి మార్చి చూద్దాం. రక్తపరీక్ష చేస్తే 265 మందికి పాజిటివ్. అలర్జీ ఉండే అవకాశం ఉన్నవాళ్లు 12 మంది. అంటే పరీక్ష కాగితం ఒక్కటే పట్టుకుని ‘ఇవన్నీ మానెయ్’ అంటే 253 మంది అనవసరంగా పప్పులూ గుడ్లూ మానేస్తారు. ఎదిగే వయసులో అలా మానేయడమూ నష్టమే. యాభై, వంద ఆహారాల పట్టికతో వచ్చే ప్యాకేజీ పరీక్షల దగ్గర జాగ్రత్తగా ఉండాలని అలర్జీ నిపుణులు అనడానికి కారణం ఇదే. అందులోనూ ఐజీజీ (మరో రకం యాంటీబాడీ) పేరుతో చేసేవి అలర్జీని చెప్పనే చెప్పవు, మనిషి ఆ తిండి తింటున్నాడని మాత్రమే చెబుతాయి. అసలు తీర్పు చెప్పేది తిన్నాక ఎంతసేపటికి ఏం జరిగిందన్న కథ. సందేహం ఉంటే ఆసుపత్రిలో డాక్టర్ కళ్లెదుట కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్ష.

రెండో వాదన వాళ్లు అడిగేది వేరు. ఆయాసంతో వచ్చి చనిపోయిన పిల్లవాడి కాగితం మీద ‘ఆస్తమా’ అని, వాంతులతో వచ్చి చనిపోయిన పిల్ల కాగితం మీద ‘ఫుడ్ పాయిజన్’ అని రాస్తే అలర్జీ లెక్కలోకి ఎలా వస్తుంది? పడమటి దేశాల జాబితాలో లేని శనగలు, మినుములు కూడా మన దగ్గర కారకాలని మన దేశ పరిశోధకులు చూపించారు. ఇడ్లీ, దోసె, బజ్జీ అన్నీ వాటితోనే కదా.

నా మటుకు నాకు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవిగా అనిపించవు. జబ్బు అరుదైనదే కావచ్చు. అరుదైనది కాబట్టే వచ్చినప్పుడు గుర్తుపట్టే అలవాటు ఎవరికీ ఉండదు.

ఏవిల్ సూది, అడ్రినలిన్ సూది

దద్దుర్లతో వెళ్తే మన ఊళ్లలో చాలాచోట్ల పడేది ఏవిల్, దానితో పాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్. దీన్ని సమర్థించేవాళ్ల మాటలో పస లేకపోలేదు: వచ్చేవాళ్లలో అత్యధికులకి దద్దుర్లే, వాళ్లకి ఏవిలో, సెట్రిజినో చాలు. చిక్కు అనాఫిలాక్సిస్ వచ్చినప్పుడు. ఏవిల్ హిస్టమిన్ ఒక్కదాన్నే అడ్డుకుంటుంది, దురద తగ్గుతుంది. పడిపోతున్న బీపీని లేపదు, గొంతు వాపుని తీయదు, పైగా మగత తెస్తుంది. కుర్రాడు కళ్లు మూసుకుంటే మందు మత్తనుకుంటారు, మెదడుకి రక్తం అందడం లేదేమో అన్న ఆలోచన రాదు. స్టెరాయిడ్ పనిచేయడం మొదలుపెట్టడానికే గంటలు పడుతుంది. మన దగ్గర ఉన్నది అరగంట.

అడ్రినలిన్ నాలుగు పనులు ఒకేసారి చేస్తుంది. వదులైన రక్తనాళాల్ని బిగించి బీపీని లేపుతుంది, గొంతు వాపు తగ్గిస్తుంది, ఊపిరి గొట్టాల్ని తెరుస్తుంది, మాస్ట్ కణాలు ఇంకా రసాయనాలు వదలకుండా పట్టి ఉంచుతుంది. ప్రపంచవ్యాప్తంగా మార్గదర్శకాలన్నీ దీన్నే మొదటి మందు అంటాయి. తొడ బయటివైపు కండరంలోకి ఇస్తారు. ఆ చోటుకి కారణం ఉంది: అలర్జీ ఉన్న పిల్లల్లో చేసిన పరీక్షలో తొడ కండరంలో ఇచ్చిన మందు సగటున 8 నిమిషాల్లో రక్తంలో గరిష్ఠానికి చేరింది, చర్మం కింద ఇస్తే 34 నిమిషాలు పట్టింది. మోతాదు కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము, మొత్తం అర మిల్లీగ్రాము మించకూడదు. 50 కిలోల ఇంటర్ కుర్రాడికి లెక్కేస్తే అర మిల్లీగ్రాము, అంటే మామూలు 1 మిల్లీగ్రాము ఆంప్యూల్ (మందు నింపిన చిన్న గాజు బుడ్డి)లో సగం. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మళ్లీ ఇస్తారు.

మరి డాక్టర్లు ఎందుకు వెనకాడతారు? అడ్రినలిన్ అనగానే ఆగిపోయిన గుండెకి ఇచ్చే మందుగా చాలామందికి గుర్తు. నరంలోకి పొరపాటు మోతాదు వెళ్తే నిజంగానే గుండె లయ తప్పుతుంది. కండరంలోకి సరైన మోతాదు వెళ్తే ఆరోగ్యంగా ఉన్న టీనేజీ పిల్లల్లో వచ్చేది సాధారణంగా కాసేపు దడ, చేతుల వణుకు. భయం పూర్తిగా తప్పు కాదు, కానీ అది వేరే సందర్భానికి చెందిన భయం.

ఇప్పుడు ఆ అరగంటని అరకు రోడ్డు మీద పెట్టి చూద్దాం. కాలేజీ పిక్నిక్. మధ్యాహ్నం 1:10కి రోడ్డు పక్క హోటల్లో పకోడీ తిన్నారు. అదే నూనెలో అంతకుముందు రొయ్యలు వేగాయి. 1:15కి నోరు దురద, కుర్రాడు నీళ్లు తాగి ఊరుకున్నాడు. 1:22కి వాంతి, ఘాట్ రోడ్డు తిప్పుడనుకున్నారు. 1:30కి గొంతు బొంగురు. 1:35కి స్నేహితులు పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టారు. 1:40కి తల వాల్చేశాడు. అరకు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, అక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి చేరడానికి మూడు గంటలు పడుతుంది. 108కి ఫోన్ కలిసినా ఘాట్‌లో వాళ్లు వచ్చేలోపు ఆ అరగంట ఎప్పుడో అయిపోతుంది.

ఈ ఉదాహరణలో ఆటో గురించి కూడా చెప్పాలి. బీపీ పడిపోయిన మనిషిని నిటారుగా లేపితే గుండెకి తిరిగొచ్చే రక్తం ఇంకా తగ్గిపోతుంది. పడుకుని ఉన్న వాళ్లని హఠాత్తుగా లేపి కూర్చోబెట్టిన క్షణాల్లోనే చనిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అందుకే పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టమంటారు, ఊపిరాడకపోతేనే కాళ్లు చాపి కూర్చోనిస్తారు. మంచి మనసుతో భుజం పట్టుకుని నడిపించడమే ఇక్కడ ముప్పు.

బయటి దేశాల్లో పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్ దొరుకుతుంది, బట్టల మీదుగానే తొడకి నొక్కేయొచ్చు. మన మామూలు మందుల షాపులో అది దొరకడం కష్టం, బయటి నుంచి తెప్పించుకుంటే వేలల్లో ఖర్చు. ఆంప్యూల్ మాత్రం అతి చవక, జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నది. కొందరు అలర్జీ నిపుణులు ఆంప్యూల్, సిరంజి ఇంటివాళ్లకి ఇచ్చి నేర్పుతున్నారు. మరికొందరికి అది ఇష్టం లేదు: చేతులు వణికే టెన్షన్‌లో గాజు మూతి విరిచి, సరిగ్గా సగం లాగడం మామూలు మనిషి వల్ల అవుతుందా అంటారు. సందేహం న్యాయమైనదే. వణికే చేతులు ఒక పక్క, మూడు గంటల రోడ్డు ఇంకో పక్క.

ఒకసారి తగ్గాక ఇంటికొచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. కొద్దిశాతం మందిలో కొన్ని గంటల తర్వాత, తిరిగి ఏమీ తినకుండానే రెండో విడత వస్తుంది. ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచి చూడటం అందుకే.

ప్యాకెట్ మీది అక్షరాలు, బండి దగ్గరి మౌనం

2016 జులైలో లండన్ నుంచి నీస్ వెళ్లే విమానం ఎక్కిన 15 ఏళ్ల నటాషా ఎద్నాన్-లాపెరూజ్ ఎయిర్‌పోర్టులో కొన్న శాండ్‌విచ్ తిని చనిపోయింది. బ్రెడ్డు పిండిలోనే నువ్వులు కలిపి ఉన్నాయి, ప్యాకెట్ మీద ఆ మాట లేదు. తండ్రి రెండు ఆటో ఇంజెక్టర్లు వాడినా బతకలేదు. అడ్రినలిన్ మొదటి మందే గానీ మంత్రం కాదని ఈ కేసు చెబుతుంది. బ్రిటన్‌లో ఆమె పేరుతోనే పిలిచే లేబుల్ నిబంధన 2021 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది.

మన దగ్గర ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) 2020 లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్య జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలూ జీడిపప్పు లాంటి గింజలూ, సోయా, ఒక స్థాయి దాటిన సల్ఫైట్లు (నిల్వ కోసం కలిపే రసాయనాలు) ఉంటే ప్యాకెట్ మీద చెప్పాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు, శనగలూ లేవు. పెద్ద గొలుసు హోటళ్లు అలర్జీ సమాచారం ఇవ్వాలి. వీధి బండికీ, పెళ్లి వంటకీ, హాస్టల్ మెస్‌కీ ఆ లేబుల్ ఉండదు.

పేర్లు కూడా మోసం చేస్తాయి. ఉత్తరాంధ్ర ఇళ్లలో ‘పప్పునూనె’ అంటే నువ్వుల నూనె. బయటి ఊరి నుంచి వచ్చిన కుర్రాడికి అందులో నువ్వులున్నాయని పేరులో ఎక్కడా తెలియదు. బాగా రిఫైన్ చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు గానీ గానుగ నూనెలో మిగులుతుంది. మాడుగుల హల్వాలో గోధుమపాలు, జీడిపప్పు ఉంటాయి. హోటల్ కూరల్లో చిక్కదనం చాలావరకు జీడిపప్పు ముద్దదే. ఒక పెళ్లిలో వడ్డిస్తున్నాయన్ని ‘ఇందులో జీడిపప్పు వేశారా అండీ?’ అని అడిగాను. ఎంతో మర్యాదగా ‘కొంచెమేనండీ’ అన్నాడు. అలర్జీ ఉన్నవాడికి కొంచెం, బోలెడు ఒకటేనని ఆయనకి చెప్పినవాళ్లు ఎవరూ ఉండరు.

కొత్త మందులతో ఏమవుతుంది?

పల్లీ అలర్జీ ఉన్న పిల్లలకి చిటికెడు పొడితో మొదలుపెట్టి నెలల తరబడి మోతాదు పెంచే చికిత్సకి అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. ఐజీఈని పట్టేసే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌ని ఆహార అలర్జీకీ వాడొచ్చని 2024లో అక్కడే ఒప్పుకున్నారు. రెండూ పొరపాటున తిన్నప్పుడు వచ్చే ముప్పుని తగ్గిస్తాయంతే. పళ్లెం నిండా తినే స్వేచ్ఛ ఇవ్వవు, మందు ఆపితే రక్షణా తగ్గుతుంది. రోజూ మోతాదు తీసుకోవాల్సిన చికిత్సని క్రమం తప్పే టీనేజీ పిల్లలకి మొదలుపెట్టాలా అన్న చర్చ డాక్టర్లలో నడుస్తూనే ఉంది.

హాస్టల్లో ఆ గడి దగ్గరికి మళ్లీ

ఆ తల్లి రాసినదాన్ని డాక్టర్ రాస్తే ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘పాలు తాగితే కడుపు ఉబ్బరం, పెరుగు పర్వాలేదు. వంకాయకి దురద, ఎండు రొయ్యలు కలిసిన కూరేమో చూడాలి. కనగర్త ఒకసారి తిన్నప్పుడు ఇంట్లో ముగ్గురికీ దద్దుర్లు, చేప పాడై ఉండొచ్చు. రొయ్యలు తిన్న పది నిమిషాలకి పెదాలు వాచి ఆయాసం వచ్చింది, ఆస్తమా ఉంది, అనాఫిలాక్సిస్ ప్రమాదం, అడ్రినలిన్ దగ్గర ఉండాలి.’ బొటనవేలంత గడిలో ఇది పట్టదు.

పట్టించినా ఇంకో ప్రశ్న మిగులుతుంది. మందు ఎవరి దగ్గర ఉండాలి? సిరంజి, ఆంప్యూల్ పిల్లల చేతికిస్తే దుర్వినియోగం అవుతుందని హాస్టళ్ల భయం. పొరపాటు జరిగితే తమ మీదికి వస్తుందని వార్డెన్ల భయం. సూది పట్టుకోవడం నేర్పినవాళ్లు లేరు కాబట్టి ఆ భయాన్ని తప్పు పట్టలేం. దాంతో చాలాచోట్ల మధ్యేమార్గం ఒకటి కుదురుతుంది. మందు వార్డెన్ గది సొరుగులో ఉంటుంది. సొరుగు తాళం వార్డెన్ జేబులో ఉంటుంది. ఆదివారం మెస్‌లో స్పెషల్ వండే రోజు వార్డెన్ సొంతూరు వెళ్తాడు.